రోబోను చంపితే హత్యా, రిపేరా? – మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో ఎవరో "రాత్రి నిద్ర పట్టనివ్వని మర్డర్ మిస్టరీ ఒకటి చెప్పండి" అని అడిగితే "'ప్లూటో' చదవండి, జపాన్ వాళ్ల మాంగా" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. అంతే, మాంగా ఏంటి, రోబోలేంటి, హత్యలేంటి, అసలు మీకేమైంది అంటూ మెయిళ్లు వచ్చిపడ్డాయి. మాంగా అంటే జపాన్ వాళ్ల బొమ్మల కథల పుస్తకం లెండి. కాబట్టి ఈసారి కాలమ్ మొత్తం దానికే. సినిమా కబుర్లు అడిగినవాళ్లు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టండి. హంతకుడెవరో చెప్పనని ముందే మాటిస్తున్నాను. మొదటి ఒకటి రెండు సంపుటాల్లో జరిగేవి మాత్రం కొన్ని చెప్పక తప్పదు, అవి కూడా తెలియకూడదు అనుకునేవాళ్లు ఇక్కడే పేజీ తిప్పేయండి.

సార్, నెట్‌లో వెతికితే 'ఆస్ట్రో బాయ్'కి రీమేక్ అని వస్తోంది. అది చిన్నపిల్లల కార్టూన్ కదా, అందులో మర్డర్ మిస్టరీ ఎక్కడిది?
– బీటెక్ విద్యార్థి, ఖమ్మం

కార్టూనే బాబూ, కాదని ఎవరన్నారు. మీరు ఆస్ట్రో బాయ్ అంటున్నవాడిని జపాన్‌లో ఆటమ్ అంటారు. ఒసాము తెజుకా 1952 నుంచి 1968 దాకా 'షోనెన్' అనే పిల్లల పత్రికలో గీసిన సీరియల్ అది. ప్రమాదంలో కొడుకు చనిపోతే డాక్టర్ తెన్మా అనే శాస్త్రవేత్త అచ్చం కొడుకులా ఉండే రోబోను తయారుచేస్తాడు, తర్వాత వీడు ఎన్నాళ్లయినా పెరగడం లేదని చిరాకుపడి సర్కస్ వాళ్లకి అమ్మేస్తాడు. పిల్లల కథ మొదలయ్యే తీరే అది! మిగతా ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఆ సీరియల్‌లో 1964–65లో ఒక ఘట్టం వచ్చింది. భూమ్మీద అన్నిటికంటే గొప్ప రోబో ఏది అన్నదే దాని పేరూ, దాని కథానూ. టోక్యోలో ఒలింపిక్స్ జరిగిన ఏడాదే మొదలైంది. ఒక సుల్తాన్ ప్లూటో అనే కొమ్ముల రోబోను చేయించి, లోకంలో మేటి రోబోలు ఏడుగురున్నారు, ఒక్కొక్కర్నీ పడగొట్టి రా అని పంపుతాడు. స్విట్జర్లాండ్‌లో మోంట్ బ్లాంక్, స్కాట్లాండ్‌లో నార్త్ నంబర్ 2, టర్కీలో బ్రాండో, జర్మనీలో గెజిష్ట్, గ్రీసులో హెర్క్యులిస్, ఆస్ట్రేలియాలో ఎప్సిలాన్, చివరికి జపాన్‌లో మన ఆటమ్. ఎవరు ఎవర్ని కొట్టారు, ఎవడికెంత హార్స్‌పవర్ అని పిల్లలు లెక్కలేసుకుంటూ చదివే కథ. ఆటమ్‌ది లక్ష హార్స్‌పవర్, ప్లూటోది పది లక్షలు. ఆ పిల్లల్లో నవోకి ఉరసావా ఒకడు. 1960లో పుట్టాడు, చిన్నప్పుడు చదివిన ఆ ఘట్టం అతన్ని వదల్లేదు. పెద్దయి 'మాన్‌స్టర్', 'ట్వెంటియెత్ సెంచురీ బాయ్స్' లాంటి థ్రిల్లర్లతో పేరు తెచ్చుకున్నాక, అదే ఘట్టాన్ని తీసుకుని తన పద్ధతిలో మళ్లీ గీశాడు. కథ కూర్చడంలో తకాషి నగసాకి తోడున్నాడు.

2003 సెప్టెంబరులో మొదలై 2009 ఏప్రిల్‌లో ముగిసింది, మొత్తం 65 అధ్యాయాలు, 8 సంపుటాలు. సరిగ్గా 2003లోనే మొదలవడానికి ఒక ముచ్చట ఉంది. తెజుకా కథలో ఆటమ్ పుట్టినరోజు 2003 ఏప్రిల్ 7. ఎప్పుడో రాబోయే కాలం అనుకుని రాసిన తేదీ నిజంగానే క్యాలెండర్లోకి వచ్చేసిందన్నమాట.

ఇక హత్యల సంగతి. ఉరసావా కథలో ఆటమ్ వెంటనే కనిపించడు. మొదటి పేజీల్లో స్విట్జర్లాండ్ అడవి తగలబడి ఉంటుంది, మోంట్ బ్లాంక్ ముక్కలై పడుంటాడు, దేశమంతా ఏడుస్తుంటుంది. అదే సమయంలో జర్మనీలోని డ్యుసెల్డార్ఫ్‌లో రోబోల హక్కుల చట్టం కోసం పనిచేసిన ఒక మనిషి తన ఇంట్లోనే హత్యకు గురవుతాడు. ఇద్దరి తలల దగ్గరా కొమ్ముల్లాగా ఏవో గుచ్చి పెట్టి ఉంటాయి. మనిషి చనిపోయిన గదిలో వెతికితే మరో మనిషి వచ్చి వెళ్లిన ఆనవాలు ఒక్కటి కూడా దొరకదు. కేసు చూసేది యూరోపోల్ డిటెక్టివ్ గెజిష్ట్. పాత కథలో ఇలా వచ్చి అలా పోయే పాత్ర అది, ఇక్కడ కథంతా అతని భుజాల మీదే నడుస్తుంది. అతను కూడా రోబోయే, ఆ ఏడుగురి జాబితాలో అతని పేరూ ఉంది. తాను రాసుకునే హతుల పట్టికలో ఏదో ఒక రోజు తన పేరు కూడా ఎక్కుతుందని తెలిసిన డిటెక్టివ్‌ను మీరు ఇంతకుముందు ఎన్ని నవలల్లో చూశారు?

నేను కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకు తెచ్చుకుని చదివిన తరం దాన్ని. నాకో సందేహం. రోబో అంటే యంత్రం. యంత్రం పాడైతే రిపేరు చేయిస్తాం, కుదరకపోతే తీసి పారేస్తాం. దాన్ని హత్య అని ఎలా అంటారండీ? హత్యే కానప్పుడు సస్పెన్స్ ఎక్కడ?
– విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి

అమ్మా, మీరు అడిగింది ఆ పుస్తకం మొత్తం అడిగే ప్రశ్న. నన్నడిగితే ఉరసావా చేసిన అసలు పని ఇదొక్కటే, మిగతాదంతా దాని వెనక వచ్చింది.

పాత కథలో రోబోలు విరిగిపోతుంటే పిల్లలు చప్పట్లు కొడతారు. తెజుకాకు అందులో బాధ లేదని కాదు, చాలా ఉంది, కానీ పేజీ తిరిగేసరికి తర్వాతి ఫైటు సిద్ధంగా ఉంటుంది. అదే సంఘటనను ఉరసావా "హత్య" అనేశాడు. ఆ ఒక్క పేరు పెట్టగానే మర్డర్ మిస్టరీకి ఉండే మర్యాదలన్నీ వరసగా వచ్చేస్తాయి. హత్య అంటే శవం ఉండాలి, పోలీసు రావాలి, ఇంటివాళ్లకు కబురు చెప్పాలి, పోయినవాడు ఎలాంటివాడు, ఎవరితో కలిసి తిరిగాడు, ఎవరితో గొడవపడ్డాడు అని ఆరా తీయాలి. మీ యుగంధర్ కూడా అదే కదా చేసేది! ఆ ఆరా తీసే క్రమంలో మనకు తెలియకుండానే ఆ యంత్రానికి ఒక ఇల్లూ వాకిలీ, ఒక అలవాటూ, ఒక దిగులూ ఏర్పడిపోతాయి. రోబోకు మనసుంటుందా అని ఎక్కడా ఉపన్యాసం ఇవ్వడు. దర్యాప్తు చేయిస్తాడు, అంతే.

ఒక్క సీను చెప్తాను, మొదట్లోనే వస్తుంది. గస్తీ తిరిగే రోబో పోలీసు ఒకడు డ్యూటీలో ఉండగా ధ్వంసమైపోతాడు. పేరు రాబీ. తోటి మనుషులకు అది పెద్ద విషయం కాదు, పాత మోడల్ కాబట్టి తుక్కులోకి పోతుంది. గెజిష్ట్ మాత్రం ఆ కబురు చెప్పడానికి వాళ్లింటికి వెళ్తాడు. తలుపు తీసేది రాబీ భార్య, ఆమె ఇళ్లలో పనిచేసే పాతరకం రోబో. గెజిష్ట్‌ను చూస్తే మనిషికీ అతనికీ తేడా తెలియదు కానీ ఈమె అలా కాదు, రేకు డబ్బాలాంటి తల, రెండు గుండ్రటి కళ్లు, ముఖంలో కదిలే భాగమే లేదు. గెజిష్ట్ చెబుతాడు. తర్వాతి బొమ్మలో ఆమె ముఖం. ఆ తర్వాతి బొమ్మలో కూడా అదే ముఖం. గీత మారదు, నీడ మారదు. టీ ఇవ్వనా అన్నంత మామూలుగా మాట్లాడుతుంది. భర్త జ్ఞాపకాల చిప్ ఆమెకు ఇస్తాడు, అది పెట్టుకుని అతను చూసినవన్నీ చూసుకుంటుంది. ఆ మారని ముఖాన్నే మళ్లీ గీస్తాడు, చదివే మనకు మాత్రం అది ఏడుస్తున్నట్టు కనిపిస్తుంది. బొమ్మలో లేని ఏడుపు మనం తెచ్చి పెట్టాం. అలా తెచ్చి పెట్టాక ఇంకెక్కడి రిపేరు తల్లీ, అది హత్యే.

యుగంధర్‌కు రాజు ఉన్నట్టు ఇక్కడ అసిస్టెంట్ లేడు గానీ, సలహా చెప్పేవాడు ఒకడున్నాడు. బ్రౌ 1589. ఎనిమిదేళ్ల కింద మనిషిని చంపిన రోబో. బ్రస్సెల్స్‌లో ఒక నేలమాళిగలో, ఒంట్లో బల్లెం దిగబడి అలాగే పడుంటాడు, ఆ బల్లెం పీకే ధైర్యం ఎవరికీ లేదు. వాడిని పరీక్షిస్తే లోపం ఏమీ దొరకలేదు, భయమంతా అక్కడే ఉంది. గెజిష్ట్ వాడి దగ్గరికి వెళ్లి కేసు గురించి మాట్లాడే సీన్లు రాత్రిపూట చదవకండి.

ఇంకొకాయన కథ తీసుకుని, పాత్రలు తీసుకుని, పేరు మార్చి గీస్తే దాన్ని గొప్ప అంటారా? మన సినిమావాళ్లు చేస్తే కాపీ అంటారే!
– 'నిజం మాట్లాడేవాడు', నరసరావుపేట

నిజం మాట్లాడేవాడు గారూ, మీ కలం పేరు బాగుంది.

కాపీ అంటే చెప్పకుండా తీసుకోవడం. ఉరసావా అడిగి తీసుకున్నాడు. తెజుకా 1989లో పోయారు కాబట్టి ఆయన కొడుకు మకోతో తెజుకాను అడగాలి. ఆయన సినిమాలు తీసే మనిషి, మొదట సరే అనలేదు. తర్వాత ఒప్పుకున్నారు గానీ పెట్టిన షరతే వింతగా ఉంటుంది. మా నాన్నకు దండం పెడుతున్నట్టు గీయొద్దు, మీ కథలా మీ బొమ్మలతో గీయండి అన్నారు. ఉరసావా ముందు చూపించిన బొమ్మలు తెజుకా తరహాకు దగ్గరగా ఉంటే, ఇలా కాదు, మీ చేతివాటం కనపడాలి అన్నారట. అందుకే ఇందులో ఆటమ్‌కు ఆ రెండు కొమ్ముల జుట్టు లేదు, నిక్కరు మీద ఎర్ర బూట్లు లేవు. వానలో నత్తను చూస్తూ నిలబడ్డ మామూలు కుర్రాడు. మొదటి సంపుటం చివర అతను కనిపించినప్పుడు జపాన్ పాఠకులకు ఒళ్లు జలదరించి ఉంటుంది, ఎందుకంటే అక్కడిదాకా వీడు ఎలా ఉంటాడో అని ఎదురుచూపే. పుస్తకం అట్టల మీద మకోతో పేరు పర్యవేక్షణ కింద ఉంటుంది.

అయినా మరొకరి కథను మళ్లీ చెప్పడం మనకేం కొత్తండీ! మళ్లీ రామాయణమేంటి అని అడుగుతారని విశ్వనాథ వారు కల్పవృక్షం మొదట్లోనే జవాబు రాసిపెట్టుకున్నారు, రోజూ తిన్న అన్నమే తింటున్నారుగా అని. ఆ తర్వాత సీత వైపు నుంచి, రావణుడి వైపు నుంచి, ఊర్మిళ వైపు నుంచి మన రచయితలు చెప్పిన రామాయణాలు తక్కువా? కథ తెలిసిందే అయినప్పుడు పాఠకుడు ఏం జరుగుతుందా అని కాకుండా ఎవరి పక్కన నిలబడి చూపిస్తున్నారా అని చూస్తాడు. ఉరసావా ఓడిపోయినవాళ్ల పక్కన నిలబడ్డాడు. జపాన్ చదువరులకు ఈ ఏడుగురిలో ఎవరి గతి ఏమిటో నలభై ఏళ్ల కిందటే తెలుసు, అయినా సస్పెన్స్ చెడలేదంటే అందుకే.

ఇంకోటి. ఈ పుస్తకానికి 2005లో తెజుకా ఒసాము సాంస్కృతిక పురస్కారాల్లో గ్రాండ్ ప్రైజ్ వచ్చింది. ఎవరి కథ తీసుకున్నాడో ఆయన పేరు మీదున్న అవార్డే! కాపీ కొట్టినవాడికి ఎవరైనా అలా ఇస్తారా?

ఈ పుస్తకాలు వెనక నుంచి ముందుకు చదవాలట, నిజమేనా?
– గృహిణి, రాజమండ్రి

నిజమే. మనకు చివరి అట్ట అనిపించేదే మొదటి అట్ట. పేజీలో కూడా కుడి నుంచి ఎడమకు. ఇరవై పేజీల్లో అలవాటైపోతుంది, భయపడకండి.

ఏడుగురిలో మీకు నచ్చిన రోబో ఎవరు?
– డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

నార్త్ నంబర్ 2. ఆలోచించాల్సిన పని కూడా లేదు.

స్కాట్లాండ్‌లో ఒక పాత కోటలో పాల్ డంకన్ అనే ముసలి సంగీతకారుడు ఒంటరిగా ఉంటాడు. చూపు లేదు, నోరు మాత్రం మహా దురుసు. ఆయనకు సేవ చేయడానికి వచ్చిన బట్లరే నార్త్. యుద్ధంలో పనిచేసిన రోబో, ఆ అంగీ కింద ఒళ్లంతా ఆయుధాలు. ఇప్పుడు మాత్రం అతనికి పియానో నేర్చుకోవాలని ఉంది. ముసలాయన తిట్టిపోస్తాడు, యంత్రం చేతితో సంగీతమేంటి, నా పియానో ముట్టుకోకు అని. ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నావు అని అడిగితే, ఇక యుద్ధానికి వెళ్లాలని లేదు అంటాడు. యుద్ధం నుంచి వచ్చిన రోబోకు పీడకలలొస్తాయని చెప్తే నవ్వొచ్చేదే, కానీ అక్కడ నవ్వు రాదు.

వాళ్లిద్దరి మధ్యా మంచు కరిగేదాకా ఓపిగ్గా నడిపి, సరిగ్గా అప్పుడు ఆకాశంలో ఏదో వస్తుంది. నార్త్ పైకి ఎగిరి వెళ్తాడు. ఇక్కడ చూడండి చమత్కారం, కింద నిలబడ్డ మనిషికి చూపు లేదు కదా, కాబట్టి మనకు కూడా ఫైటు చూపించడు. మబ్బుల పైన ఏం జరుగుతోందో చప్పుళ్లను బట్టి ఊహించుకోవాల్సిందే. పియానో ప్రాక్టీసు టైమైంది, దిగిరా అని ముసలాయన కింద నుంచి పిలుస్తుంటాడు. పాత కథలో కొద్ది పేజీల్లో అయిపోయిన ఓటమి ఇది. మొత్తం పుస్తకం కొనే ఓపిక లేనివాళ్లు ఈ మూడు అధ్యాయాలైనా ఎవరి దగ్గరైనా అడిగి తీసుకుని చదవండి.

కథలో పర్షియా, అమెరికా లాంటి దేశం, యుద్ధం ఇవన్నీ ఉన్నాయని విన్నాను. ఇది ఇరాక్ యుద్ధం గురించా? రోబో కథలో రాజకీయం ఇరికించారా?
– జర్నలిజం విద్యార్థి, హైదరాబాద్

ఇరికించలేదు, తలుపు తీసే ఉంది, అదే వచ్చి కూర్చుంది. 2003 మార్చిలో అమెరికా ఇరాక్ మీదికి వెళ్లింది. సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయి అన్నది కారణం. ఐక్యరాజ్యసమితి తనిఖీ బృందాలు వెతికాయి, తర్వాత అమెరికా వాళ్లే వెతికారు, ఆ నిల్వలు దొరకలేదు. అదే సెప్టెంబరులో ఈ సీరియల్ మొదలైంది. 2004లో జపాన్ తన ఆత్మరక్షణ దళాలను ఇరాక్‌లోని సమావాకు పంపింది, యుద్ధం చేయబోమని రాజ్యాంగంలో రాసుకున్న దేశంలో అది ఎంత పెద్ద చర్చో ఊహించుకోండి.

'ప్లూటో'లో పేర్లు మార్చాడు. త్రేసియా సంయుక్త రాష్ట్రాలు అనే అగ్రరాజ్యం, పర్షియా రాజ్యం, దాని రాజు పద్నాలుగో డేరియస్. పర్షియా దగ్గర సామూహిక విధ్వంసక రోబోలు ఉన్నాయని ఆరోపణ. తనిఖీకి 'బోరా' సర్వే బృందం వెళ్తుంది, ఏమీ దొరకదు, అయినా యుద్ధం జరిగిపోతుంది. కథ మొదలయ్యేసరికి ఆ యుద్ధం అయిపోయి నాలుగేళ్లయింది, ఇప్పుడు చనిపోతున్న రోబోలకూ మనుషులకూ ఆ యుద్ధంతో ఏదో లంకె ఉంది. ఏడుగురిలో కొందరు యుద్ధంలో లెక్కలేనన్ని రోబోలను పడగొట్టినవాళ్లు. ఎప్సిలాన్ మాత్రం రానని మొండికేసి పిరికివాడనిపించుకుని, తర్వాత అక్కడి అనాథ పిల్లల్ని తెచ్చి పెంచుతుంటాడు. ఆటమ్ శాంతి దూతగా వెళ్లొచ్చాడు.

ఒక్క విషయం మీలాంటివాళ్లు గమనిస్తారని చెప్తున్నా. తెజుకా పాత కథలో సుల్తాన్ ఎందుకంత కక్షతో ఉన్నాడో పెద్దగా ఎవరూ అడగరు, సుల్తాన్ కాబట్టి చెడ్డవాడు. ఉరసావా అక్కడ ఆగి, ఆ దేశానికి ఏం జరిగింది అని అడిగాడు. మర్డర్ మిస్టరీలో 'ఎవరు' కంటే 'ఎందుకు' పెద్ద ప్రశ్న, ఆ 'ఎందుకు' కోసం తవ్వితే కింద యుద్ధం బయటపడింది.

నేను ఏఐ మీద పనిచేస్తాను. ఈ కథలో సైన్సు ఎంత? అసిమోవ్ మూడు సూత్రాలు ఉన్నాయా, ఏవైనా కొత్త సంగతులున్నాయా?
– సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, బెంగళూరు

సర్క్యూట్ డయాగ్రాములు ఆశించకండి, నిరాశపడతారు. సైన్స్ ఫిక్షన్ రచయిత అసిమోవ్, రోబోలు మనుషులతో ఎలా నడుచుకోవాలో చెప్పే తన మూడు సూత్రాలు 1942లో ఒక కథలో రాశారు. తెజుకా తన ఆటమ్ లోకానికి వేరే రోబో చట్టాలు రాసుకున్నారు. ఉరసావా దగ్గర అది అంతర్జాతీయ రోబో చట్టం, అందులో 13వ సెక్షన్ ప్రకారం రోబో మనిషికి హాని చేయకూడదు, చంపకూడదు. కాబట్టి డ్యుసెల్డార్ఫ్ గదిలో మనిషి ఆనవాలు దొరకలేదు అనగానే ఇంత గొడవ.

మీకు పనికొచ్చేది వేరే ఉంది. డాక్టర్ తెన్మా లోకంలోని మనుషులందరి వ్యక్తిత్వాలనూ నింపి సంపూర్ణమైన రోబోను తయారుచేస్తే అది కళ్లే తెరవదు. అన్నీ సమానంగా ఉన్నాయి కాబట్టి ఎటువైపు మొగ్గాలో తేల్చుకోలేక లెక్కలు వేస్తూ పడుకునే ఉంటుంది. లేవాలంటే కోపమో, దుఃఖమో, ద్వేషమో ఏదో ఒకటి దాన్ని ఒక పక్కకు ఒరగనివ్వాలి అంటాడాయన. 2000ల్లో రాసిన మాట ఇది. డేటా ఎంత పోస్తే అంత తెలివి అనుకునే మీ ఆఫీసు వాళ్లకు చదివి వినిపించండి, ఏమంటారో నాకు రాయండి.

ఇంకొక చిన్న సీను. గెజిష్ట్, ఆటమ్ మొదటిసారి కలిసి ఒక హోటల్లో కూర్చుంటారు. ఆటమ్ ఐస్‌క్రీమ్ తింటాడు, తినాల్సిన అవసరం లేకపోయినా, తింటూ తింటూ రుచి అంటే ఏమిటో తెలుస్తున్నట్టుంది అంటాడు. కేసు వివరాలు మాటల్లో చెప్పడం దేనికి, జ్ఞాపకాల చిప్పే ఇస్తానని గెజిష్ట్ తీసి ఇస్తాడు. చదువుకుని తిరిగి ఇచ్చేసి ఆటమ్ ఏమీ అనడు. వాష్‌రూమ్‌లోకి వెళ్లి ఒంటరిగా ఏడుస్తాడు. గెజిష్ట్ జ్ఞాపకాల్లో గెజిష్ట్‌కే తెలియనిది ఏదో ఉంది. అతనికి పదేపదే ఒకే పీడకల వస్తుంటుంది కూడా. ఇంతకంటే చెప్పను.

మా బాబుకి పన్నెండేళ్లు. డోరేమాన్, షిన్‌చాన్ తెలుగులో చూసి చూసి ఇప్పుడు మాంగా కావాలంటున్నాడు. ఇది కొనివ్వొచ్చా?
– ఒక అమ్మ, విశాఖపట్నం

రెండు మూడేళ్లు ఆగండి. ఇది వచ్చిన 'బిగ్ కామిక్ ఒరిజినల్' పెద్దవాళ్లు చదివే పత్రిక. బూతులూ, అసభ్యమైన బొమ్మలూ ఉండవు, అది సమస్య కాదు. పిల్లల చావులు ఉన్నాయి, యుద్ధం ఉంది, ద్వేషం అంటే ఏమిటో చాలా నెమ్మదిగా చూపించే చోట్లున్నాయి. ఇప్పటికి తెజుకా పాత కథే ఇవ్వండి. ఇంగ్లీషులో వచ్చిన ఆస్ట్రో బాయ్ సంపుటాల్లో మూడోదానిలో ఆ ఘట్టం పూర్తిగా ఉంది. వాడు ఫైట్లు చూసి సంతోషిస్తాడు. పదిహేనో ఏట 'ప్లూటో' చేతిలో పెడితే, తాను అప్పుడు చప్పట్లు కొట్టింది దేనికో వాడికే తెలిసొస్తుంది. అలా రెండు వయసుల్లో రెండు చదివే అదృష్టం నాకైతే దొరకలేదు.

అన్నీ పొగడ్తలేనా? తప్పులే లేవా ఆ పుస్తకంలో?
– నెల్లూరు

ఉన్నాయి. ఆడవాళ్లు చాలామంది భర్తల కోసం ఎదురుచూడటానికో, ఏడవటానికో ఉన్నట్టుంటారు. గెజిష్ట్ భార్య హెలెనాకు మంచి సీన్లున్నాయి, కానీ దర్యాప్తులో ఆమెకు పాత్ర లేదు. ఆటమ్ చెల్లెలు ఊరాన్ ఒక్కతే సొంతంగా ఏదైనా చేసేది, ఎవరు ఎక్కడ బాధపడుతున్నా ఆ పిల్లకు తెలిసిపోతుంది, ఆమె అధ్యాయాలు మళ్లీ గొప్పగా ఉంటాయి.

త్రేసియా అధ్యక్షుడి వెనక ఉండి మాట్లాడే టెడ్డీ బేర్ బొమ్మ ఒకటుంది, సూపర్ కంప్యూటర్ అన్నమాట. నాకది పెద్దగా ఎక్కలేదు. యుద్ధానికి కారణం మనుషుల దురాశ అని ఇంత కష్టపడి చూపించి, చివరికి వెనకాల ఒక బొమ్మ ఉంది అంటే ఆ తప్పు కొంచెం మనుషుల మీద నుంచి జారిపోతుంది. పర్షియా కూడా ఎడారీ, మేడలూ, తలపాగాలూ అన్నీ కలిపేసిన పర్షియానే, నిజంగా అక్కడివాళ్లు చూస్తే నొచ్చుకుంటారు. ఎనిమిదో సంపుటంలో వేగం ఎక్కువైంది. ఆరు సంపుటాలు నిమ్మళంగా నడిపి, చివర్లో భూమికే ముప్పు వచ్చేసరికి పాత కథ ఫైట్లు మళ్లీ తలెత్తుతాయి. ఏడుపు మాత్రం ఆగదు, అది వేరే సంగతి.

పుస్తకం కొనాలా, నెట్‌ఫ్లిక్స్‌లో చూస్తే సరిపోతుందా?
– బ్యాంకు ఉద్యోగి, వరంగల్

2023 అక్టోబరు 26న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, 8 ఎపిసోడ్లు, ఒక్కోటి దాదాపు గంట. ఒక్కో సంపుటానికి ఒక్కో ఎపిసోడ్ లెక్కన, చాలా నమ్మకంగా తీశారు. సంగీతం ఉండాల్సిన చోట, ముఖ్యంగా నార్త్ కథలో, టీవీయే మేలు, పుస్తకంలో మనం ఊహించుకోవాల్సిన పియానోను అక్కడ వినొచ్చు. కానీ రాబీ భార్య ముఖం దగ్గర పుస్తకమే. అక్కడ ఎంతసేపు ఆగాలో మనం నిర్ణయించుకోవాలి, ఎపిసోడ్ మన కోసం ఆగదు. డబ్బులు చూసుకోవాలంటే ముందు చూసేయండి, నచ్చితే మొదటి సంపుటం ఒక్కటి కొనండి. ఇంగ్లీషు అనువాదం తేలిగ్గా ఉంటుంది, ఆన్‌లైన్‌లో విడివిడి సంపుటాలుగా దొరుకుతుంది.

మన చిట్టికీ ఆటమ్‌కీ ఫైట్ పెడితే ఎవరు గెలుస్తారు బాస్?
– తలైవా ఫ్యాన్, తిరుపతి

ఆ సుల్తాన్ అడిగింది కూడా ఇదే బాస్. దానివల్ల ఎంతమంది పోయారో పుస్తకంలో చూడండి.

నాకు టెన్షన్ తట్టుకునే ఓపిక లేదు సార్, బీపీ ఉంది. హంతకుడెవరో నాకొక్కడికి చెవిలో చెప్పేయండి, ఎవరికీ చెప్పను.
– విశ్రాంత తహశీల్దారు, కాకినాడ

ఇంతమంది చదివే పత్రికలో మీకొక్కరికే చెవిలో ఎలా చెప్పనండీ! పోనీ ఒక చిన్న క్లూ ఇస్తాను, ఇది చెడగొట్టడం కిందికి రాదు. "ఎవరు చంపుతున్నారు" అన్నదానికి మీకు సగంలోనే జవాబు దొరికేస్తుంది, తహశీల్దారుగా చేసినవారు కాబట్టి ఇంకా ముందే పట్టేస్తారు. పట్టేశాక కూడా పుస్తకం కింద పెట్టాలనిపించదు, మిగతా సగం ఎందుకుందో అప్పుడు తెలుస్తుంది. బీపీ మాత్ర వేసుకునే మొదలుపెట్టండి.